శాలిహుండం తార, చంద్రగిరి డోల్మా

శ్రీకాకుళం వాళ్లం బౌద్ధమంటే శాలిహుండమే అనుకుంటాం. కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార ఒడ్డు కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు. అక్కడ దొరికిన విగ్రహాల్లో బౌద్ధ దేవత తార ఉంది, మారీచి ఉంది. ఆ రాతి తారను చూసినప్పుడల్లా, ఈమె ముందు దీపం పెట్టే చెయ్యి లేకుండా పోయిందే అని మనసు కలుక్కుమనేది.

ఒడిశాలోని చంద్రగిరి వెళ్లొచ్చాక ఆ దిగులు పోయింది.

పాతపట్నం దాటితే పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు, గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు. 1919లో శాలిహుండం శిథిలాలను లోకం దృష్టికి తెచ్చింది ఆయనే. అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు పట్టుకుంటే ఆయన ఎవరి భాష నేర్చుకున్నారో ఆ సవరల కొండలు. ఆ కొండల్లోనే, గజపతి జిల్లాలో, చంద్రగిరి.

1959లో దలైలామా టిబెట్ విడిచి మన దేశం వచ్చాక, ఆయన వెనక వచ్చిన వాళ్లలో కొందరికి 1963లో ఇక్కడ చోటిచ్చారు. మంచుకొండల మనుషులు ఈ ఎండల్లో మొక్కజొన్న పండించి నిలదొక్కుకున్నారు. చలికాలంలో పట్నాలకొచ్చి స్వెటర్లు అమ్మేవాళ్లలో ఈ ఊరివాళ్లూ ఉంటారు. పక్కనే జిరంగోలో కట్టిన పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామాయే ప్రారంభించారు.

నేను వెళ్లింది లోసర్‌కి. అది వాళ్ల ఉగాది. ఇళ్ల మీద కొత్త రంగుల జెండాలు రెపరెపలాడుతున్నాయి, వీధంతా ధూపం. ఒక ముసలమ్మ ప్రార్థనా చక్రం తిప్పుతూనే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, దోసిట్లో ఖప్సే పోసింది. మెలితిప్పి నూనెలో వేయించిన మైదాపిండి, మన గవ్వల కరకర. తర్వాత ఉప్పూ వెన్నా వేసిన టీ. మొదటి గుక్క మింగుడుపడలేదు, రెండోది బాగుంది.

విహారంలో వెన్నదీపాల వెనక ఆకుపచ్చని తార, ఒక కాలు కిందికి జార్చి, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. టిబెటన్లు ఆమెను డోల్మా అంటారు. ఆ పేరు ఆడపిల్లలకు ఎంతో ఇష్టంగా పెట్టుకుంటారు. శాలిహుండంలో పూజ ఆగిపోయిన తల్లిని చంద్రగిరిలో గుమ్మం గుమ్మంలోంచి పిలుస్తున్నారు.

చంద్రగిరి వెళ్లేవాళ్లకు ఒక్కటే మనవి. ముందు శాలిహుండం కొండెక్కి, ఆ తారను చూసి బయల్దేరండి.