మెరిట్ లెక్కలో మూడు భాగాలు

సమానత్వ సిద్ధాంతాల చరిత్రని మామూలుగా 1971 నుంచి, అంటే జాన్ రాల్స్ ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ నుంచి చెప్తుంటారు. తెలివితో పుట్టడమైనా, కలిగిన ఇంట్లో పుట్టడమైనా ఎవరూ కష్టపడి సంపాదించుకున్నది కాదు. కాబట్టి ఎవరు ఎక్కడ పుడతారో తెలియనట్టుగా ఊహించుకుని సమాజానికి నియమాలు రాసుకోవాలి అన్నది రాల్స్ వాదన.

ఇందులో మొదటి సగం అంతకు 35 ఏళ్ళ ముందే అచ్చయింది. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936లో జరపాలనుకున్న సభలో అధ్యక్షోపన్యాసానికి అంబేడ్కర్‌ని పిలిచింది. ఉపన్యాసం ముందుగా చదివి, కొన్ని భాగాలు మార్చమంది. ఆయన ఒప్పుకోలేదు. సభ రద్దయింది. ఆ ఉపన్యాసాన్నే సొంత ఖర్చుతో పుస్తకంగా వేశారు. అదే ‘కుల నిర్మూలన’.

మనుషులందరూ సమానులు కారు కదా అనే అభ్యంతరాన్ని అంబేడ్కర్ దాటవేయరు. కారనే ఒప్పుకుంటారు. మనిషి సామర్థ్యం మూడింటి మీద ఆధారపడుతుంది: పుట్టుకతో వచ్చిన శరీరం, పెంపకం, చదువు లాంటి సామాజిక వారసత్వం, ఆపైన సొంత కృషి. కృషిని బట్టి తేడా చూపిస్తే చూపించొచ్చు. కానీ మొదటి రెండింటిని బట్టి కూడా చూపిస్తే, పందెంలో నెగ్గేది సమర్థులు కాదు, ముందునుంచీ అన్నీ అమరినవాళ్ళు.

రాల్స్ ఇంకో అడుగు వేసి, కష్టపడే గుణం కూడా కొంత పెరిగిన ఇంటినుంచే వస్తుందన్నాడు. 1981లో రొనాల్డ్ డ్వార్కిన్ వ్యాసాల తర్వాత, అదృష్టం వాటా ఎంత, సొంత నిర్ణయాల వాటా ఎంత అని విడదీసే ప్రయత్నాలు చాలా జరిగాయి. 1999లో ఎలిజబెత్ ఆండర్సన్ ఆ ధోరణినే తప్పుపట్టింది. సమానత్వం అసలు ఉద్దేశం దురదృష్టానికి పరిహారం కట్టడం కాదు, ఒకరి కింద ఒకరు బతికే పరిస్థితి పోవడం అంది.

అంబేడ్కర్ దగ్గర ఈ రెండు వాదనలూ పక్కపక్కనే ఉన్నాయి. పుస్తకమంతా మెట్లమెట్లుగా ఉన్న సమాజం మీదే. పైగా, లక్షలమందితో వ్యవహరించే పాలకుడికి ఒక్కొక్కరినీ తూచే తీరికా ఉండదు, తెలివిడీ ఉండదు. అందుకే అందరినీ సమానంగా చూడటమే ఆచరణలో పనికొచ్చే సూత్రం అంటారు.

రిజర్వేషన్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మెరిట్ అనే మాట వినిపిస్తుంది. ర్యాంకు కార్డు మీద ఉండేది ఒకటే అంకె. అందులో కోచింగ్ ఫీజు ఎంత, ఇంట్లో చదువుకున్న అమ్మ ఎంత, తెల్లారగట్ల లేచి చదివిన పిల్ల కష్టం ఎంత? ఆ అంకెని అంబేడ్కర్ చెప్పిన మూడు భాగాలుగా విడదీసి చూపించే పరీక్ష ఇంకా ఎవరూ పెట్టలేదు.