నైట్రో ఇంజన్ బ్రేక్-ఇన్: నా ఇంజన్ 1950ల సలహా విని చచ్చిపోయింది

"అన్నా, కొత్త నైట్రో ట్రక్కుకి బ్రేక్-ఇన్ చేయకపోతే ఏమవుద్ది?" అని చాలామంది అడిగారు. నేను చేశాను బాసూ, అయినా పోయింది. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1817లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ ఒక వింత చూశాడు. వేడి ప్లాటినం తీగని మండే గ్యాసు, గాలి కలిసిన చోట పెడితే, మంట లేకుండానే తీగ ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాదాపు 130 ఏళ్ల తర్వాత, 1947లో, అమెరికాలో రే ఆర్డెన్ ఇదే సూత్రంతో బుల్లి గ్లో ప్లగ్ తెచ్చాడు. అంతకుముందు మోడల్ విమానం పాపం కాయిల్, బ్యాటరీ అన్నీ మోసుకుని ఎగరాలి. గ్లో ప్లగ్‌కి స్టార్టింగ్‌లో ఒకటిన్నర వోల్టు ఇస్తే చాలు. తర్వాత వైరు పీకేసినా, మిథనాల్ తగిలి తీగ తనే వేడిగా ఉంటుంది.

ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ ఉంటాయి. మామూలు పెట్రోలియం ఆయిల్ మిథనాల్‌లో కలవదు. కలిసేది ఏంటో తెలుసా? ఆముదం! అమ్మమ్మ తలకి రాసిందే. చెట్టు లేని చోట ఆముదమే మహావృక్షం అంటారు కదా, ఇక్కడ అది నిజంగానే నిజం. సింథటిక్ ఆయిల్స్ వచ్చాక కూడా చాలా ఇంధనాల్లో కొంచెం ఆముదం ఉంటుంది.

ఇప్పుడు అసలు మ్యాటర్. ఆ కాలం ఇంజన్లలో ఎక్కువగా ఇనుప పిస్టన్, స్టీల్ స్లీవ్. రెండూ ఒకదాన్నొకటి మెల్లగా అరగదీసుకుని సెట్ అవ్వాలి. అందుకే ఇంధనం ఎక్కువ ఇచ్చి, చల్లగా, గంటల తరబడి తిప్పేవాళ్లు. ఆ ఇంజన్‌కి అది కరెక్టే.

1960ల్లో స్పీడ్ పోటీల వాళ్లు ఏబీసీ డిజైన్ వైపు వెళ్లారు. అంటే అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్, దాని లోపల క్రోమ్ పూత. ఈ స్లీవ్ పైభాగం కావాలనే సన్నగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చి అక్కడ పట్టేస్తుంది. ఇంజన్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తే, పిస్టన్ కంటే ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి సరిగ్గా సరిపోతుంది. అంటే దీన్ని చల్లగా తిప్పడమే ప్రమాదం!

1999లో టీ-మ్యాక్స్ లాంటి ట్రక్కులు వచ్చి నైట్రో మామూలు ఇళ్లకి చేరింది. ఇంజన్ మారింది కానీ సలహా మారలేదు. నాకూ ఒక సీనియర్ అదే చెప్పాడు: "చల్లగా, ఐడిల్‌లో, నాలుగు ట్యాంకులు." మొదటి జీతంతో కొన్నది కదా, చాలా శ్రద్ధగా చేశాను. వారం తిరక్కుండానే, చల్లగా ఉంటే స్టార్ట్ అవుద్ది, వేడెక్కితే ఆగిపోద్ది, మళ్లీ స్టార్ట్ కాదు. పైన ఉండాల్సిన పట్టు మొత్తం అరిగిపోయింది. బీటెక్‌లో థర్మల్ ఎక్స్‌పాన్షన్ చదివి పాసైనోడిని, సిగ్గుగా ఉంది.

రెండో ఇంజన్‌కి హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ని బాగా వేడిచేసి స్టార్ట్ చేశాను. మిక్స్చర్ కొంచెం రిచ్‌గానే ఉంచి, కానీ వేడి తగ్గనివ్వకుండా, కొద్ది నిమిషాలు నడిపి ఆపేశాను. ఆపిన వెంటనే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందికి దించాలి, లేకపోతే చల్లారేటప్పుడు స్లీవ్ దాన్ని బిగించేస్తుంది. పూర్తిగా చల్లారాక మళ్లీ అదే. అలా కొన్ని సార్లు చేశాకే ఫుల్ థ్రాటిల్ ఇచ్చాను.

అదే ఇంజన్ ఇదిగో, ఈ టేబుల్ మీద ఉంది. స్టార్ట్ చేస్తున్నా, హెడ్‌ఫోన్స్ ఉంటే వాల్యూమ్ తగ్గించుకోండి.