బొటనవేలు చెరిపారు, పేరు మాత్రం అడగలేదు

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలుపెడతాను.

మన ఎపిసోడ్లు చూసే ఒక తమ్ముడు పోయిన నెల నాకొక ఫోటో పంపించాడు. వాళ్ల ఊరి వారం అంగడి అది. చింతచెట్టు కింద గోనెపట్టా, దాని మీద టమాటాలు, పచ్చిమిర్చి కుప్పలు. వాటి వెనక ఒక అవ్వ, తక్కెడ ఒళ్లో పెట్టుకుని, నోరు కాస్త తెరిచి కునుకు తీస్తోంది. ఆకుల సందుల్లోంచి ఎండ సరిగ్గా ఆమె ముఖం మీద పడింది. ఫోటో కింద ఒక లైను: "అన్నా, ఎలా ఉందో చెప్పు. మొహమాటం వద్దు."

నేనూ మొహమాటపడలేదు. వెలుగు చాలా బాగుంది, ఎడమ పక్కన ఉన్న నీలం బకెట్ మాత్రం చూపుని లాగేస్తోంది, అంతవరకు క్రాప్ చెయ్యి, ఇంకో అడుగు ముందుకెళ్లి తీసుంటే బాగుండేది అని వాయిస్ మెసేజ్ పెట్టాను. రాత్రి పడుకోబోతుంటే తట్టింది. బకెట్ గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. అవ్వ గురించి ఒక్క మాట అడగలేదు. తనని ఫోటో తీశారని అసలు ఆమెకి తెలుసా?

ఇది స్మార్ట్‌ఫోన్లతో వచ్చిన సమస్య అనుకుంటాం కదా. కాదండీ. దీని వయసు 130 ఏళ్ల పైనే. ఆ కథ చూద్దాం.

మొదట్లో కెమెరా అంటే పెద్ద పెట్టె, దానికో స్టాండు. ఫోటో దిగాలంటే కదలకుండా కూర్చోవాలి. కాబట్టి మనకి తెలియకుండా మన ఫోటో తీయడం దాదాపు కుదిరేది కాదు. 1888లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ ఊళ్లో, జార్జ్ ఈస్ట్‌మన్ అనే ఆయన కొడాక్ కెమెరా తెచ్చాడు. ధర 25 డాలర్లు. చేతిలో పట్టుకుని తీసెయ్యొచ్చు. లోపల 100 ఫోటోలకి సరిపడా ఫిల్ము. అయిపోయాక కెమెరా మొత్తాన్ని రోచెస్టర్‌కి పంపిస్తే, ఫోటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవాళ్లు. 1900లో బ్రౌనీ అని ఇంకోటి వచ్చింది. దాని ధర ఒక్క డాలరు. అంటే పిల్లల చేతుల్లోకి కూడా కెమెరా వచ్చేసింది.

ఇక చూడండి గోల. బీచ్‌లో స్నానం చేస్తున్నవాళ్లని, పార్కులో కూర్చున్న జంటల్ని చటుక్కున తీసి పారిపోయేవాళ్లు తయారయ్యారు. పేపర్లు వాళ్లకి 'కొడాక్ దయ్యాలు' అని పేరు పెట్టాయి. 1890లో శామ్యూల్ వారెన్, లూయిస్ బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశారు. క్షణంలో తీసే ఫోటోలు, పేపర్లు కలిసి మనుషుల సొంత బతుకులోకి చొరబడుతున్నాయి, కాబట్టి 'నా మానాన నన్ను వదిలెయ్యండి' అనే హక్కుని చట్టం గుర్తించాలి అన్నారు. ఈ రోజు మనం ప్రైవసీ అంటున్నామే, చట్టం భాషలో ఆ చర్చకి పునాది వేసిన వ్యాసం అదే. వాళ్లని కదిలించిన వాటిలో కెమెరా ఒకటి.

సరే, వ్యాసం రాస్తే చట్టం అయిపోదు కదా. అదే రోచెస్టర్‌లో అబిగైల్ రాబర్సన్ అని ఒక టీనేజ్ అమ్మాయి ఉండేది. ఒక పిండి మిల్లు వాళ్లు ఆమెని అడగకుండా ఆమె ఫోటోతో ప్రకటన వేశారు. 25,000 పోస్టర్లు! దుకాణాల్లో, గోడౌన్లలో, సారా కొట్లలో అంటించారు. ఊళ్లో అందరూ గుర్తుపట్టి ఎగతాళి చేస్తుంటే అమ్మాయి మంచం పట్టింది. కోర్టుకి వెళ్లింది. 1902లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు 4-3 తేడాతో ఆమెకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అలాంటి హక్కు చట్టంలో లేదు అంది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే, 1903లో, ఒక మనిషి రాతపూర్వక అనుమతి లేకుండా వాళ్ల పేరు గానీ బొమ్మ గానీ వ్యాపారానికి వాడకూడదని న్యూయార్క్‌లో చట్టం వచ్చింది.

దీనికో కొసమెరుపు ఉంది. ఆ తీర్పు రాసిన జడ్జి ఆల్టన్ పార్కర్ 1904లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఫోటోగ్రాఫర్లు వెంటపడేసరికి, ఎప్పుడు ఎవరు తీస్తారో అని భయపడకుండా హాయిగా నిలబడే హక్కు నాకు లేదా అని విసుక్కున్నాడు. అబిగైల్ ఊరుకుంటుందా? ఆయనకి బహిరంగ లేఖ రాసింది, న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. అయ్యా, ఆ హక్కు లేదని నాకు చెప్పింది మీరే కదా అన్నది దాని సారాంశం.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన హైదరాబాద్‌లో ఇంకో రకం కథ నడిచింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. ఆయన 1892లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీలు అక్కడికి వచ్చి ఫోటో దిగొచ్చు. నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. తీసేది ఎవరు, చూసేది ఎవరు అన్న లెక్క ముందే కుదుర్చుకుని దిగే ఫోటోలు అవి. ఒక్క విషయం మర్చిపోవద్దు. ఆ సౌకర్యం ఉన్నవాళ్లకే. అంగట్లో కూరగాయలు అమ్మే మనిషికి పరదా స్టూడియో ఎవరూ కట్టలేదు.

'క్యాండిడ్' అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? 1920ల చివర్లో జర్మనీలో ఎరిక్ సాలమన్ అని ఒకాయన చిన్న కెమెరాని టోపీలో దాచుకుని, కోర్టుల్లో, దేశాల మధ్య చర్చల్లో మంత్రులని తీసేవాడు. ఆవులిస్తున్నవాళ్లు, వాదించుకుంటున్నవాళ్లు, అలిసిపోయి సోఫాలో వాలినవాళ్లు. ఆ ఫోటోలు చూసి లండన్ పత్రిక ఒకటి 'క్యాండిడ్ కెమెరా' అంది. ఆయనా అడగకుండానే తీశాడు. కానీ తీసింది దేశాలని ఏలేవాళ్లని. వాళ్లకి నచ్చకపోతే ఆపించగలరు, పేపర్లో జవాబు చెప్పుకోగలరు. అంగట్లో అవ్వకి ఆ రెండూ లేవు. నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 1936 మార్చి, కాలిఫోర్నియాలో నిపోమో అనే చోటు. పంట పోయి, పని లేక, బఠాణీలు కోసే కూలీలు గుడారాల్లో ఉన్నారు. ప్రభుత్వం తరఫున ఫోటోలు తీసే డొరొథియా లాంగే అక్కడ ఆగింది. 32 ఏళ్ల తల్లి, ఒళ్లో పసిబిడ్డ, భుజాల మీద ముఖం దాచుకున్న ఇద్దరు పిల్లలు. 'మైగ్రెంట్ మదర్' అని పేరుపడ్డ ఫోటో అది. మీరు గూగుల్‌లో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పేపర్లో వచ్చాక ప్రభుత్వం ఆ శిబిరానికి దాదాపు 9 టన్నుల తిండి పంపించింది. అంటే ఫోటో పని చేసింది. జనం కడుపు నింపింది. కానీ ఆ తిండి వచ్చేసరికి ఆ తల్లి కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఫోటోలో కుడివైపు కింద, గుడారం గుంజని పట్టుకున్న ఒక బొటనవేలు కనిపించేది. కొన్నేళ్ల తర్వాత అది కూర్పుని పాడుచేస్తోందని లాంగేకి అనిపించి, నెగటివ్‌లో దాన్ని చెరిపించింది. ఆమె పై అధికారి రాయ్ స్ట్రైకర్‌కి అది నచ్చలేదు కూడా. బొటనవేలి గురించి అంత పట్టింపు. ఆ తల్లి పేరు మాత్రం తాను అడగలేదని లాంగేనే తర్వాత రాసింది.

ఆ పేరు లోకానికి తెలియడానికి 42 ఏళ్లు పట్టింది. 1978లో ఒక విలేఖరి ఆమెని కనిపెట్టాడు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ జాతి మనిషి. ఆ ఫోటో తీయకపోతే బాగుండేది అందామె. దాని వల్ల తనకి పైసా రాలేదని, ఒక కాపీ పంపిస్తానని చెప్పి పంపలేదని బాధపడింది. లాంగే కూడా ఆ ఫోటో మీద సంపాదించింది లేదు, అది ప్రభుత్వ ఆస్తి. అయినా లోకానికి ఆమె ముఖం పేదరికానికి బొమ్మ అయిపోయింది. ఆమె మాత్రం పదిమంది పిల్లలని పెంచి, పని చేసుకుని బతికిన మనిషి. 1983లో ఆమెకి జబ్బు చేసినప్పుడు, ఎక్కడెక్కడివాళ్లో వేల డాలర్లు పంపించారు. ఆ డబ్బు తెచ్చింది కూడా ఆ ఫోటోనే. చూశారా, ఇది మంచి, ఇది చెడు అని గీత గీసినంత తేలిక కాదు.

మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. కానీ అంగట్లో మన ఫోన్ పైకెత్తే క్షణంలో పక్కన జడ్జి ఉండడు. అక్కడ నిర్ణయం మనదే. ఫోటో చూసి అభిప్రాయం చెప్పేవాళ్లది కూడా. ఎందుకంటే మనం దేన్ని మెచ్చుకుంటే, తీసేవాళ్లు రేపు దాన్నే తీస్తారు. నేను వెలుగునే పొగిడితే, తమ్ముడు వెలుగునే వెతుక్కుంటాడు.

అందుకే మర్నాడు వాడికి ఇంకో మెసేజ్ పెట్టాను. "నిన్న ఒకటి అడగడం మర్చిపోయాను. అవ్వకి చూపించావా?" చూపించలేదన్నాడు. మళ్లీ అంగడి రోజు వెళ్లాడు. ఫోన్‌లో ఫోటో చూసి అవ్వ అందట: "వద్దు బిడ్డా, ఇది తీసెయ్. నిద్రపోయింది పదిమందికి చూపెడతవా?" తర్వాత కొంగు సర్దుకుని, తక్కెడ చేత్తో పైకెత్తి పట్టుకుని, "ఇప్పుడు తియ్యి" అందట.

ఆ రెండో ఫోటో కూడా నాకు పంపించాడు. నిజం చెప్పాలంటే, ఫోటోగా మొదటిదే బాగుంది. రెండోదాంట్లో అవ్వ బిగుసుకుపోయి నిలబడింది, ఎండ నడినెత్తిన ఉంది, నీలం బకెట్ అక్కడే ఉంది. మొదటిది డిలీట్ చేసేశానన్నాడు. నాకు కాస్త ప్రాణం ఉసూరుమంది, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు ఎవరైనా ఫోటో పంపితే నేను వెలుగు, క్రాప్, ఫోకస్ అన్నీ చెప్తాను. అవీ నేర్చుకోవాల్సినవే. ముందు మాత్రం రెండు అడుగుతాను. ఇందులో ఉన్న మనిషి దీన్ని చూశారా? మీ అమ్మ ఇలా నిద్రపోతుంటే వేరేవాళ్లు తీసి పెడితే మీకు సరేనా? జవాబు ఉంటే మిగతాది మాట్లాడుకుందాం.

తమ్ముడు ఆ రెండో ఫోటో ప్రింటు వేయించి అవ్వకి ఇచ్చాడట. లాంగే పంపని కాపీ గుర్తుందిగా, అలాంటిదే. స్టూడియోలో ప్రింటుకి పెద్దగా ఖర్చు కాదు. మీ గ్యాలరీలో కూడా అలా ఇవ్వాల్సినవి ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఉంటాను, నమస్తే.