బండలు మావి, బంగారం జొన్నగిరిది

ఆదోనిలో ఎటు చూసినా బండే. బారాఖిల్లా, తాలిబండ, రణమండల కొండ... కోట కట్టినవాళ్లు రాయి కోసం ఊరు దాటాల్సిన పని పడలేదు. ఇంత రాయి ఉన్న ఊళ్లో వీసమెత్తు బంగారం లేదు. పత్తికొండ దాటి తుగ్గలి మండలంలోకి పోతే, మా కొండల ముందు నిలబడే కొండ ఒక్కటీ లేని చోట, జొన్నగిరి చేల కింద బంగారం ఉంది. 2022లో పత్తికొండ డివిజన్ ఏర్పడే దాకా తుగ్గలి మా ఆదోని డివిజన్‌లోనిదే. ఆదోని పత్తి గురించి, ఎమ్మిగనూరు నేత గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. కాళ్ల కింది రాయి గురించి రాసినవాళ్లు తక్కువ.

ఆ తక్కువ మందిలో మొదట చెప్పుకోవలసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు ఈ తాలూకాలోనే ఉండేది. అందుకే 1895లో ఆయన బళ్లారి జిల్లా భూగర్భం మీద అచ్చువేసిన పెద్ద గ్రంథంలోకి మేమూ చేరాం. ఈ దక్కన్ నేలలో పట్టీలు పట్టీలుగా సాగే పాత పచ్చరాళ్లకు ‘ధార్వార్’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. కోలారు, హట్టి, రామగిరి, జొన్నగిరి బంగారమంతా ఆ పట్టీల్లోనిదే.

సంగతి ఏమిటంటే, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా మన కింద ఉన్నది ఎక్కువగా నైస్, గ్రానైట్. తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) తవ్విన చోట గట్టు పక్కన నిలబడితే నైస్ కనిపిస్తుంది: నలుపు, తెలుపు చారలు పక్కపక్కనే సాగి, ఒక్కోచోట మెలితిరిగి మడత పడి ఉంటాయి. అక్కడక్కడా చేను మధ్య నల్లగుండ్లు ఒకే వరసలో మైళ్ల దూరం పోతుంటాయి. అవి పగుళ్లలోకి లోపలినుంచి ఎగదన్నుకొచ్చి గట్టిపడిన డైకులు. కొండలయితే ఎర్రటి ఫెల్‌స్పార్ మెరిసే గ్రానైట్. వీటిలో ఎక్కువ భాగం 250 కోట్ల ఏళ్ల నాటి మాట.

పచ్చరాళ్లు అంతకన్నా కాస్త ముందువి. సముద్రం అడుగున పొంగిన లావా గట్టిపడి, తర్వాత వేడికీ ఒత్తిడికీ రంగు మారి పచ్చబారింది. వాటి చుట్టూ, వాటి మధ్యలోకీ గ్రానైట్ జాతి రాళ్లు చొరబడ్డాయి. భూమి నలిగినప్పుడు ఈ రెండూ కలిసే అంచుల్లో పగుళ్లు ఏర్పడ్డాయి. కొన్ని కిలోమీటర్ల లోతునుంచి సుమారు మూడు వందల డిగ్రీల వేడినీళ్లు ఆ పగుళ్లలో పైకి వచ్చాయి. ఆ నీళ్లలో గంధకంతో జతకట్టి బంగారం కరిగి ఉంది. పక్క రాతిలోని ఇనుము ఆ గంధకాన్ని లాక్కుని పైరైట్‌గా మారింది. జత తప్పిన బంగారం అక్కడే దిగబడిపోయింది. నీళ్లలో కరిగి వచ్చిన సిలికా పలుగురాయిగా గడ్డకట్టింది.

జొన్నగిరిలో ఒక విశేషం ఉంది. ఇక్కడ బంగారం పచ్చరాతిలో కన్నా దాన్ని ఆనుకుని ఉన్న గ్రానోడయోరైట్‌లో ఎక్కువగా కుదురుకుంది. గ్రానోడయోరైట్ అంటే మా కొండలకు దాయాది. దాయాదికి దక్కింది, మాకు దక్కలేదు. కారణం అది పట్టీ అంచున ఇరుక్కుని నలిగి చీలికలు వారింది. మా కొండలు ఎక్కడా చెదరకుండా గట్టిగా నిలబడిపోయాయి. వేడినీళ్లు దూరే సందే లేదు. అందుకే కోటకు పనికొచ్చాయి.

నలిగిన గ్రానోడయోరైట్ ముక్క చేతిలోకి తీసుకుంటే మొదట నిరాశే. రాయి బూడిదరంగు తిరిగి, సెరిసైట్ అనే సన్నటి అభ్రకం వల్ల పట్టులా జారుతుంటుంది. అడ్డంగా పలుగురాతి చారలు, వాటి వెంట ఇత్తడి రంగు చుక్కలు. చూసేవాళ్లు ఆ చుక్కలకే ఆశపడతారు. అది పైరైట్. సుత్తితో కొడితే పొడి అవుతుంది, మెరుగు లేని పింగాణీ మీద గీస్తే నల్లగా గీత పడుతుంది. బంగారమయితే చదునవుతుంది, పసుపు గీతే పడుతుంది. అసలు బంగారం చాలాసార్లు కంటికి ఆనదు. టన్ను రాతికి గ్రామున్నర ఉన్నా గని నడుస్తుంది. అంటే పది గ్రాముల తులానికి ఆరేడు టన్నుల రాయి పిండి చేయాలి.

తొలకరికి జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచే జనానికీ ఈ కథకూ సంబంధం లేదు. ఆ వజ్రాలు భూమి లోతుల్లోంచి ఎగదన్నుకొచ్చిన కింబర్లైట్ రాళ్ల సొత్తు. వజ్రకరూరు దగ్గరి కింబర్లైట్లకు నూట పది కోట్ల ఏళ్లు. బంగారానికి అవి మనుమలు కూడా కావు. ఒకే నేల మీద రెండూ పడటం మాత్రం జొన్నగిరి అదృష్టం.

బంగారం సంగతి పూర్వులకు తెలుసు. జొన్నగిరి పక్కనే ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలూ, చిన్న శాసనాలూ చెక్కి ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, తర్వాతివి కుడినుంచి ఎడమకు నడుస్తాయి. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి అని బ్రహ్మగిరి శాసనాన్ని బట్టి చెబుతారు. అది జొన్నగిరే అన్నవాళ్లున్నారు, కొప్పళ జిల్లాలోని కనకగిరి అన్నవాళ్లూ, మస్కి అన్నవాళ్లూ ఉన్నారు. నేను జొన్నగిరి పక్షం. పద్నాలుగు శాసనాలు పూర్తిగా చెక్కించడం ఏ దారిన పోయే ఊరికీ చేసే పని కాదు. ఇంకో తమాషా: మస్కి శాసనం 1915లో కనిపించింది బంగారం వెతుకుతున్న బీడన్ అనే ఇంజనీరుకు. ఎర్రగుడి గుండ్లను 1920ల చివర గుర్తించింది అనూ ఘోష్ అనే భూగర్భశాస్త్రవేత్త. ఈ రెండు చోట్లా చరిత్రకారుల కన్నా ముందు రాయి చూసేవాళ్లే అశోకుణ్ణి కలిశారు.

జొన్నగిరిలో జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీకి 2013లో దాదాపు 597 హెక్టార్లు లీజుకిచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో ప్రైవేటు రంగంలో తొలి పెద్ద బంగారు గని ఇదే అంటున్నారు. ఇది బహిరంగ గని, పైనుంచి తవ్వుకుంటూ పోతారు. కొత్త గనికి దారి చూపేది పాత గుంతలే. కోలారులో జాన్ టేలర్ కంపెనీ 1880ల్లో దిగింది పాత గుంతలను పట్టుకునే. హట్టిలో అయితే పూర్వులు ఆరువందల అడుగులు దాటి దిగిన తవ్వకాలు ఉన్నాయి, వాటిలో దొరికిన కొయ్య దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. బంగారం ఉన్నచోటే పాతవాళ్లు తవ్వారు, పాతవాళ్లు తవ్విన చోటే కొత్త యంత్రం దిగుతుంది. అందుకని గనిలో మొదట మాయమయ్యేవి ఆ పాత గుంతలే. జొన్నగిరిలో మిగిలినవాటిని ముందుగా కొలిచి, ఫోటోలు తీసి, నిప్పు పెట్టి రాయి పగలగొట్టిన గుర్తులుంటే గోడల మీద అవీ, ఖనిజం నూరిన గుంటలుంటే అవీ రికార్డు చేసి, ఒక ప్రతి కర్నూలులో, ఒక ప్రతి ఆదోనిలో ఉంచాలి. ఆ పని పేలుడు మందు పెట్టకముందే జరగాలి, తర్వాత చేయడానికి అక్కడ గుంతే ఉండదు.