నీలిమందు ఫ్యాక్టరీని విడిచిన కేరీగారు

వ్యాపారములు మందగించిన సంవత్సరమున, మిల్లులో గాని దుకాణములో గాని నెలజీతమునకు కుదిరినవాని యింట ఒక మాట తప్పక వినబడును. "యజమానికే నష్టము వచ్చుచున్నదట. ఇప్పుడే దిగిపోయి వేరొకటి చూచుకొందమా, పొమ్మనువరకు ఉందమా?" భార్య ఒకటి చెప్పును, మామగారు మరియొకటి చెప్పుదురు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని పెద్దలు హెచ్చరింతురు. ఆ దీపములో చమురు ఎంత మిగిలియున్నదో మాత్రము ఎవరును చెప్పజాలరు. విలియం కేరీగారు రెండు వందల ఏండ్లకు పూర్వము ఇదే చిక్కులో పడిరి. ఆయనను మనము బైబిలు తర్జుమా చేసిన భక్తునిగా ఎరుగుదుము గాని, జీతము లెక్కచూచుకొన్న సంసారిగా తలంచము.

1793 నవంబరులో ఆయన భార్యాబిడ్డలతో బెంగాలు చేరిరి. ఉన్న సొమ్ము కొద్దికాలములోనే కరగిపోయెను. సుందరవనముల దాపున అడవి నరికి సేద్యము చేయబూనిరి. అట్టి సమయమున జార్జి ఉడ్నీ అను కంపెనీ అధికారి, మాల్దా ప్రాంతమున మదనావతి అను పల్లెలోని తన నీలిమందు ఫ్యాక్టరీని చూచుకొనుటకు రమ్మని పిలిచెను. జీతము నెలకు 200 రూపాయలు. 1794లో కేరీగారు ఆ పనిలో ప్రవేశించిరి.

నీలిమందు మన కడప సీమవారికి క్రొత్తది కాదు. మొక్కను కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీటిని బాగుగా చిలికి, అడుగున దిగిన మడ్డిని కాచి, పిండి, బిళ్ళలుగా కోసి ఆరబెట్టుదురు. బెంగాలులో వర్షకాలమందు మూడు మాసములు ఊపిరి సలుపని పని. తక్కిన కాలమంతయు కేరీగారు బెంగాలీ సంస్కృతములు నేర్చుకొనుచు, క్రొత్త నిబంధన తర్జుమా చేయుచు, గ్రామములు తిరుగుచుండిరి. ఇక తన పోషణకు డబ్బు పంపనక్కరలేదని ఇంగ్లండులోని సంఘమువారికి వ్రాసిరి. వారు సంతోషించుటకు మారుగా, వ్యాపారములో పడి వచ్చినపని మరువకుమని హెచ్చరిక వ్రాసిరి! ఆ జాబు ఆయన మనస్సును నొప్పించెను. నొప్పించదా? అయిదేండ్ల కుమారుడు పీటరు ఆ పల్లెలోనే రక్తవిరేచనములతో మరణించెను. భార్య డొరొతమ్మగారికి మతి చలించెను. ఇంత జరిగినను ఆయన నెలజీతమును నిలుపుకొని, రాత్రులు కూర్చుండి తర్జుమా సాగించిరి.

అయితే ఫ్యాక్టరీ నిలువలేదు. ఒక ఏడు వరద, ఒక ఏడు అనావృష్టి. ఉడ్నీకి నష్టముమీద నష్టము వచ్చెను. దయగలవాడగుటచేత వెంటనే మూయలేదు గాని, ఇది ఎంతోకాలము సాగదని కేరీగారికి తెలియును. ఐనను ముందుగా దిగిపోలేదు. ఎందుచేతననగా, ఆ రోజులలో ఈస్టిండియా కంపెనీ తన రాజ్యములో మిషనెరీలను ఉండనిచ్చునది కాదు. నీలిమందు పనివాడనుటయే ఆయనకున్న అనుమతి. ఉద్యోగము పోయినయెడల కూడు మాత్రమే కాదు, దేశములో నిలుచుటకు త్రోవయు పోవును. కనుక 1799లో ఉడ్నీ మదనావతిని వదలుకొనినప్పుడు, కేరీగారు తాము కూడబెట్టిన సొమ్ముతో చేరువనున్న ఖిదిర్‌పూరులో ఒక చిన్న నీలిమందు ఫ్యాక్టరీని కొనిరి. మునుగుచున్న పడవ దిగి అట్టి పడవనే మరియొకదానిని కొనినట్లాయెనని కొందరికి తోచవచ్చును. బిడ్డలుగలవాడు చేసిన పని అది. నేను దానిని తప్పుపట్టజాలను.

ఆ అక్టోబరులోనే మార్ష్‌మన్, వార్డు మొదలైనవారు ఓడ దిగిరి. కంపెనీ రాజ్యములోనికి వారిని రానీయరు గనుక, డేనులు ఏలుచున్న శ్రీరాంపూరులో ఆగిరి. అక్కడి గవర్నరు బీ దొర వారికి ఆశ్రయమిచ్చెను. కేరీగారిని పిలుచుకొనివచ్చుటకు వార్డు స్వయముగా బయలుదేరెను. క్రొత్తగా కొన్న ఫ్యాక్టరీ, వేసిన పైరు, పెట్టిన సొమ్ము ఒకవైపు, చేయి కలుపుటకు వచ్చిన సహోదరులు ఒకవైపు. ఆయన నష్టమునకు ఒప్పుకొనిరి. 1800 జనవరి 10న కుటుంబముతో శ్రీరాంపూరు చేరిరి. ఎవరును తనకని సొంత వ్యాపారము చేయరాదు, సంపాదన యావత్తు ఉమ్మడి పెట్టెలో పడవలెనని అక్కడ కట్టుబాటు చేసికొనిరి. మరుసటి ఏట కలకత్తాలోని ఫోర్టు విలియం కాలేజీలో నెలకు 500 రూపాయల జీతమున ఉపాధ్యాయ పదవి దొరికినప్పుడును, కేరీగారు స్వల్పభాగము ఉంచుకొని మిగిలినది ఆ పెట్టెలోనే వేయుచుండిరి. ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో, తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడినది ఆ శ్రీరాంపూరు ముద్రాలయమునుండియే.

రాబోవు కష్టకాలమును ముందే కనిపెట్టి తప్పించుకొనెనందుమా? చరిత్ర అట్లు చెప్పదు. ఆయన విడిచిన తరువాత బెంగాలులో నీలిమందు వ్యాపారము ముప్పది ఏండ్లు విరివిగా సాగెను. కలకత్తాలోని ఏజెన్సీ హౌసులు ఉద్యోగస్థుల డిపాజిట్లు, విధవరాండ్ర డిపాజిట్లు పుచ్చుకొని, ఆ సొమ్మును నీలిమందు తోటలకు అప్పులిచ్చుచుండెను. నీలిమందు ధర పడిపోగానే బాకీలు రాలేదు. 1830 జనవరిలో పామర్ కంపెనీ మూతబడెను. 1834 మొదటికి పెద్ద హౌసులన్నియు ఒకదాని వెంట ఒకటి కూలెను. శ్రీరాంపూరు పనికని దాచిన నిధులును వాటితో పోయెను. 1830లోనే ఖర్చు తగ్గించుటకు ఫోర్టు విలియం కాలేజీలో ప్రొఫెసరు పదవులు తీసివేయబడెను. సర్కారు కొలువు, పెద్ద కంపెనీ, రెండును కదలవని అందరు నమ్మినవే. ముప్పదియెనిమిదేండ్ల వయస్సున ఆయన విడిచిన నీలిమందు, దాదాపు డెబ్బదియేండ్ల వయస్సున ఆయన ఇంటికి వచ్చి తలుపు తట్టెను.

1834 జూన్ 9న కేరీగారు మరణించిరి. వీలునామాలో శ్రీరాంపూరు మిషను ఆస్తిపై తనకు ఏ హక్కును లేదని వ్రాసియుంచిరి. కుమారుడు జాబెజ్‌కు ఇవ్వవలసిన 1500 రూపాయలకు చేతిలో రొక్కము లేదు గనుక, తన పుస్తకములను అమ్మి ఇయ్యవలెనని ఏర్పాటు చేసిరి.