ఎర్రగడ్డ వార్డులు, కాలేయ రోగి మాత్రలు

హైదరాబాద్‌లో బోరబండ వాళ్లకు దమ్ము, దగ్గు ముదిరితే మొదట గుర్తొచ్చేది పక్కనున్న ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. ఇర్రం నుమా అనే నవాబుల ప్యాలెస్‌లో వెలసిన ఈ ఆసుపత్రిని చాలాకాలం జనం టీబీ దవాఖానాగానే ఎరుగుదురు. 2009 మేలో దాని మీద వేరే బాధ్యత పడింది. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్‌లో దిగిన 23 ఏళ్ల యువకుడికి స్వైన్ ఫ్లూ ఉన్నట్టు మే 16న నిర్ధారణ అయింది. దేశంలో అదే మొదటి కేసు. అతనికి చికిత్స చేసింది ఇక్కడే. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడే నాటికి ఇలాంటి కొత్త జబ్బుల భారం గాంధీ ఆసుపత్రికి మారింది.

ఇలాంటి వైరస్‌లు వచ్చినప్పుడల్లా ఎక్కువగా హడలిపోయేవారిలో ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ రోగులున్నారు. వాళ్ల రోగనిరోధక శక్తి సొంత కాలేయం మీదే దాడి చేస్తుంది. దాన్ని అణచే మాత్రలతోనే వాళ్లు బతుకుతారు. స్వీడన్ వైద్యుడు వాల్డెన్‌స్ట్రోమ్ 1950లో ఈ జబ్బును వర్ణించాడు. అప్పట్లో ఇది వచ్చినవారిలో చాలామంది కొన్నేళ్లకే చనిపోయేవారు. లండన్‌లో షీలా షెర్లాక్ బృందం 1971లో ప్రచురించిన చికిత్సా పరీక్ష ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ప్రాణాలు నిలుపుతుందని రుజువు చేసింది. దానికి తోడుగా వాడే అజాథయోప్రిన్‌ను గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేశారు.

నిరోధక శక్తిని తగ్గించే మందు వేసుకుంటూ కోవిడ్‌ను తట్టుకోవడం ఎలా అన్నది 2020లో రోగులను, వైద్యులను ఒకేలా వేధించిన ప్రశ్న. పలు దేశాల రోగుల వివరాలతో 2021లో జవాబు వచ్చింది. ఈ రోగుల్లో కోవిడ్ మరణాలు ఇతర దీర్ఘకాలిక కాలేయ రోగుల కంటే ఎక్కువగా లేవు. ముప్పు పెంచినవి ముదిరిన వయసు, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడటం). మాత్రలు హఠాత్తుగా మానేస్తే మాత్రం కాలేయం మళ్లీ వాచే ప్రమాదం ఉంది. చాలాకాలంగా ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేసి ప్రాణం మీదికి రావచ్చు.

ఎర్రగడ్డ పాత శత్రువు టీబీకీ ఇందులో పాత్ర ఉంది. నిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి మన దేశంలో ఈ మందులు మొదలుపెట్టే ముందు ఒంట్లో టీబీ దాగి ఉందేమో వైద్యులు చూస్తారు. ఏటా ఫ్లూ టీకా కూడా వేయించుకోమంటారు. ముక్కులో కొట్టే సజీవ టీకా వద్దు, సూది టీకాయే వేయించుకోవాలి. జ్వరం, దగ్గు మొదలైతే మాత్రలు సొంతంగా ఆపకండి. ఆ రోజే మీ కాలేయ వైద్యుడికి చెప్పండి.