కడప నీలి: ఇంటి తొట్లలో తేరిన రంగు

నీలిమందు చరిత్ర అనగానే బెంగాల్‌లో 1859-60 నాటి రైతుల తిరుగుబాటు, 1860లో వెలువడిన దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’, 1917 నాటి చంపారన్ ఉద్యమం గుర్తుకు రావడం సహజం. ఆ వెలుగులో మరుగున పడిపోయిన చరిత్ర మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలది. బెంగాల్, బీహార్‌లలో తెల్లదొరలు రైతు చేత నీలి వేయించి ఆకును తమ కర్మాగారాలకు తరలించుకోగా, ఇక్కడ విత్తు చల్లడం మొదలు రంగు బిళ్ళలు ఆరబెట్టడం దాకా పని చాలావరకు రైతు కుటుంబాల చేతుల్లోనే సాగింది. కడప నీలి తయారైన తీరును, దానికి పలికిన ధరను, చివరికి అది అంతరించిన విధానాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

తెలుగునాట ఈ రంగు ఈస్టిండియా కంపెనీ పాలనతో పుట్టింది కాదు. మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతి అయిన అద్దకపు బట్టల్లో ఎరుపుకు చిరివేరు ఎంత ముఖ్యమో నీలానికి ఈ మొక్క అంతే ముఖ్యం. గోల్కొండ సుల్తానుల కాలంలో డచ్చివారు నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో వర్తకశాల పెట్టి నీలిని కొన్నారు.

నీలి చిక్కుడు జాతికి చెందిన చిన్న పొద. దాని ఆకులో రంగు రంగుగా ఉండదు. నీటిలో నానినప్పుడు కరిగి బయటికి వచ్చే ఒక రంగులేని పదార్థం, గాలి తగిలిన తర్వాత మాత్రమే నీలంగా మారి అడుగుకు దిగుతుంది. పూత మొదలయ్యే వేళకు ఆకులో ఈ పదార్థం నిండుగా ఉంటుంది కాబట్టి అదును చూసి కోయాలి, కోసిన మోపులు వేడెక్కి పాడుకాకముందే తొట్టిలో వేసి బరువు పెట్టి నీటిలో ముంచాలి. పచ్చి ఆకు దాదాపు పది, పన్నెండు గంటలు నానాక, పసుపు కలిసిన ఆకుపచ్చ నీటిని కింది తొట్టిలోకి వదిలి రెండు మూడు గంటలపాటు కర్రలతోనో తెడ్లతోనో ఎడతెరిపి లేకుండా చిలుకుతారు. నురుగు లేచి, నీరు ముదురు నీలానికి తిరిగాక సున్నపు తేటను గాని, కొన్ని చెట్ల బెరడు కషాయాన్ని గాని కలిపితే రంగు త్వరగా తేరుకుంటుంది; పైనీటిని వంపేసి, అడుగున మిగిలిన ముద్దను కాచి, బట్టలో వడకట్టి, బరువు కింద నొక్కి, బిళ్ళలుగా కోసి నీడలో నెమ్మదిగా ఆరబెడతారు. నానబెట్టడం కాస్త ఎక్కువైనా, చిలకడం కాస్త తక్కువైనా పంటంతా నాసి రంగవుతుంది గనుక, ఎప్పుడు ఆపాలో నీటి రంగు, వాసన, నురుగు చూసి చెప్పగల అనుభవజ్ఞుల మాటకు ఎంతో విలువ ఉండేది.

ఈ పనంతా ఒక్కసారిగా మీద పడేది. కోత, మోత, నీళ్ళు తోడడం, చిలకడం ఒకే రోజు జరగవలసి రావడం, అదే అదునులో జొన్న, సజ్జ, వరి పనులు కూడా ఎదురుగా నిలబడడం కొద్దిమంది ఉన్న ఇంటికి మోయలేని భారం. తెలుగు, తమిళ ప్రాంతాల్లో వాడుకలో ఉన్న ఎండుటాకు పద్ధతి ఈ ఇబ్బందికి చక్కని విరుగుడు. కోసిన మండలను ఎండలో ఆరేసి, కర్రలతో కొట్టి ఆకు రాల్చి, తడి తగలకుండా నిల్వ చేసేవారు. నెల్లాళ్ళకు ఆకు పచ్చదనం పోయి సీసపు బూడిద రంగుకు తిరిగాక, తీరిక చూసుకుని, కేవలం రెండు గంటలు నానబెట్టి చిలికేవారు. పెద్ద తొట్లు, పెద్ద కూలి బలగం లేని ఇల్లు కూడా పరిశ్రమలో నిలబడగలిగింది ఈ పద్ధతి వల్లనే. ఆనాటి ఐరోపా పరిశీలకులు కొందరు దీన్ని వెనుకబాటుతనంగా చూశారు గాని, ఆకు పాడైపోయే గడువును నెల రోజులు వెనక్కి నెట్టగలిగిన ఈ ఏర్పాటు ఎంతో తెలివైనదని ఒప్పుకోవాలి. దానికి చెల్లించిన మూల్యమూ ఉంది: ఎండుతున్న ఆకుపై ఒక్క వాన పడితే శ్రమంతా వృథా, పైగా ఇంటింటికీ బిళ్ళ నాణ్యత మారిపోయేది.

నాణ్యతలోని ఆ తేడా లండన్ వేలంలో కనిపించింది. కడప పాత పేరును బట్టి ‘కుర్పా’ అని పిలిచే ఈ సరుకుకు సాధారణంగా బెంగాల్ నీలి కంటే తక్కువ ధర పలికేది. ముందుగా బయానా ఇచ్చిన వర్తకుడికే బిళ్ళలు అప్పగించవలసిన రైతుకు బేరమాడే వీలు తక్కువ. తొట్టి సొంతమైనా ధర సొంతం కాదు. అయితే తొట్టిలో మిగిలిన పిప్పి మాత్రం రైతుదే. గాలిలోని నత్రజనిని వేళ్ళలో నిలుపుకునే జాతి మొక్క కావడం వల్ల అది వరిమడికి మంచి ఎరువయ్యేది.

1780ల్లో సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంకుడు అనే వేరే చెట్టు ఆకు నుంచి కూడా నీలం తీయవచ్చని చూపాడు. ఏటికొప్పాక బొమ్మలకు కర్ర ఇచ్చే చెట్టు అదే. ఆ ప్రయోగం వ్యాపారంగా ఎదగలేదు.

1897లో జర్మనీలోని బాస్ఫ్ సంస్థ కృత్రిమ నీలాన్ని అమ్మకానికి పెట్టింది. ధర ఒక్కటే కాదు, ఏ డబ్బా విప్పినా ఒకే గాఢత ఉండడం అద్దకందార్లను ఆకర్షించింది, ఇంటి తొట్లు అందించలేకపోయింది సరిగ్గా దాన్నే. సాగు వేగంగా తగ్గిపోయింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మన్ రంగు ఆగిపోగానే మద్రాసు ప్రెసిడెన్సీలో నీలి మళ్ళీ విస్తరించింది, మూలపడ్డ తొట్లు మళ్ళీ నిండాయి. యుద్ధం ముగిశాక ఆ ధరలు నిలవలేదు. రంగు వ్యాపారం పోయినా మొక్క పూర్తిగా పోలేదు. పచ్చిరొట్టగా పొలంలో కలియదున్నడానికి కొందరు, జుట్టుకు వేసుకునే ఆకుపొడి కోసం, సహజ రంగుల అద్దకం కోసం మరికొందరు నేటికీ దాన్ని విత్తుతూనే ఉన్నారు.